పదకొండో తీగ

ఎనిమిదింపావయింది, పది తెరల్లో ఎనిమిది ఇంకా నల్లగానే ఉన్నాయి, మూడోదీ తొమ్మిదోదీ మాత్రం ఏ పుణ్యానో లేచి నీలంగా వెలుగుతున్నాయి, మిగతా వాటి మీద అదే తెల్లటి ముక్క, బూట్ ఫైలు పేరు అందలేదు అని. ఫ్రోసో దాన్ని ఆరోసారి చదివింది. మొదటిసారి చదివినప్పుడే కారణం తెలిసిపోయింది, అయినా ఆరోసారి కూడా ఏమీ తెలియనట్టే చదివింది, ఎందుకంటే హెడ్మాస్టరు ఇసిడోరోస్ వెనకాలే నిలబడి ఆమె భుజం మీంచి తెరలోకి తొంగి చూస్తున్నాడు, ఆయన నోట్లోంచి పొద్దుటి కాఫీ వాసన వస్తోంది, బయట దక్షిణపు గాలి కిటికీ రెక్కల్ని కొడుతోంది, ఆ గాలి వీచిన రోజు దీవిలో ఎవరికీ మంచి జరగదని చేపలవాళ్ళంటారు, ఆమె కంప్యూటర్లు చెప్పే టీచరు, అలాంటివి నమ్మకూడదు, కానీ ఈ పొద్దుట ఏది చెప్పినా నమ్మేలా ఉంది.

ఈ డబ్బాలకి సొంత బుర్ర లేదు. పలచటి నల్లటి పెట్టెలు, లోపల డిస్కంటూ ఉండదు, మీట నొక్కగానే నిద్ర లేచి నేనెవర్ని, నా పేరేమిటి, ఎక్కణ్ణుంచి మొదలవ్వాలి అని తీగలోకి కేకేస్తాయి, మూలనున్న లినక్స్ సర్వర్ ఆ కేక విని నువ్వు నాలుగోదానివి, ఇదిగో నీ పేరు, ఇదిగో నీ చద్దన్నం అని అన్నీ పంపిస్తుంది. సెప్టెంబరులో పిల్లలకి ఇలాగే చెప్పింది, ఇవి పసిపిల్లల్లాంటివిరా, ముందు ఎవరు పలికితే వాళ్ళే అమ్మ అంది, అప్పుడు చివరి బల్ల మీది పిల్ల, మరి ఇంకో అమ్మ ముందు పలికితే టీచర్ అని అడిగింది, అందరూ నవ్వారు, ఫ్రోసో కూడా నవ్వి, అలా జరిగితే పాపం ఆకలితో అక్కడే కూర్చుంటుంది అంది. ఇప్పుడు ఎనిమిది కూర్చున్నాయి. ఇంకో అమ్మ ఎక్కడుందో ఆమెకి తెలుసు, సరిగ్గా తన నెత్తి మీద, పైకప్పుకి అవతల, పటాలు పెట్టే పాత గదిలో, గోడకి ఆనించిన మంచం కింద ఉంది, ఆ మంచం మీద ఆమె ఐదేళ్ళ కూతురు మిర్సిని నూటరెండు జ్వరంతో పడుకుని ఉంది.

తొమ్మిదింటికి పరీక్ష. ప్రభుత్వ కంప్యూటర్ ధ్రువపత్రం, అది చేతికొస్తే వేసవిలో ఓడరేవు ఆఫీసులోనో హోటల్లోనో కుర్చీలో కూర్చునే పని దొరుకుతుంది, లేకపోతే పళ్ళాలు కడగాలి, పదిమంది పిల్లలూ ఇప్పటికే పెరట్లో అమ్మానాన్నలతో నిలబడి ఉన్నారు. తొమ్మిదికి మొదలుకాకపోతే ప్రశ్నపత్రం దానంతటదే మూతపడుతుంది, మళ్ళీ రాయాలంటే జూన్‌లో పెద్ద దీవి సీరోస్‌కి ఓడెక్కి వెళ్ళాలి, సగంమంది వెళ్ళరు. పరీక్ష దగ్గరుండి జరిపించడానికి సీరోస్ నుంచి నిన్న సాయంత్రం ఓడలో పరీక్షాధికారిణి ఆంథూలాగారు వచ్చింది, తెల్లజుట్టు, మెత్తటి మాట, తలుపు పక్కన కుర్చీలో కూర్చుని నువ్వుల రొట్టె తుంచుకు తింటూ, కంగారుపడకమ్మా ఇంకా టైముంది అని తానే ధైర్యం చెబుతోంది, రాత్రి నిద్ర బాగా పట్టిందట, సముద్రం పక్కన మంచి గది ఇచ్చారట, దీపం తీసేస్తే మంచం మీద పైకప్పంతా చిన్న చిన్న నక్షత్రాలు మెరిశాయట, ఎవరో చంటిపిల్లకి అంటించినట్టున్నారు, నా చిన్నతనం గుర్తొచ్చింది అంది. ఫ్రోసో చేతిలోని కేబుల్ కిందపడింది. ఇసిడోరోస్ వంగి తీసిచ్చాడు. ఆయన ముఖంలోకి ఆమె చూడలేదు, ఆయనా చూడనివ్వలేదు.

నలభై రెండు నక్షత్రాలు. సెప్టెంబరులో అద్దెకి దిగినప్పుడు ఫ్రోసోయే నిచ్చెన లేక కుర్చీ మీద కుర్చీ వేసి అంటించింది, అమ్మా ఇంకోటి, అమ్మా ఇంకోటి అని కింద మిర్సిని ఎగిరింది, ఇంటావిడ మరూసో పిన్ని గుమ్మంలో నిలబడి నా పైకప్పుకి జిగురు అంటుతుంది కదే పిల్లా అని గొణిగి, మళ్ళీ తానే పిల్లకి పాలపాయసం గిన్నె తెచ్చిపెట్టింది. మంచిదే. మరూసోని చెడ్డదనడానికి ఫ్రోసోకి ఇప్పటికీ నోరు రాదు, ఈ దీవిలో అందరిళ్ళదీ అదే లెక్క, టీచర్లకి సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా, మే ఒకటి నుంచి టూరిస్టులకి, బడి జూన్ పదిహేను దాకా ఉన్నా సరే. ఈస్టరు వెళ్ళిన వారం మరూసో పండక్కి రంగేసిన ఎర్రగుడ్లు నాలుగు సంచిలో పెట్టిచ్చి, ఎక్కడో అక్కడ సర్దుకుంటావులే తల్లీ, చదువుకున్నదానివి అంది. ఎక్కడో అక్కడ. అంతకుముందేడు వేరే దీవిలో ఒక టీచరు కారులో పడుకున్నాడు, ఫ్రోసోకి కారు లేదు. ఇసిడోరోస్ మరూసోకి స్వయానా తమ్ముడు, మే రెండున స్టాఫ్ గదిలో ఇల్లు దొరికిందామ్మా అని కూడా అడగలేదు, అడిగితే సమాధానం వినాలి కదా, ఊరంతా అంతే, రొట్టెల కొట్టులో పలకరించారు, చర్చి మెట్ల మీద పలకరించారు, పిల్ల బుగ్గ గిల్లారు, పడుకోవడం ఎక్కడ అని మాత్రం ఒక్క నోరూ అడగలేదు. అప్పుడు పటాల గది తాళంచెవి గుర్తొచ్చింది. పై అంతస్తు భూకంపం నాటి నుంచి మూసే ఉంది, లోపల ఎవరూ ఉండకూడదని ఇంజనీర్లు తలుపు మీద ఎర్రరంగు గుర్తు వేసి వెళ్ళారు, ఒక గోడలో వేలు దూరేంత పగులు ఉంది, మంచం ఆ గోడకి దూరంగా వేసింది, వేశాక రెండు రాత్రులు కళ్ళు మూయలేదు.

ఇది బయటపడితే ఉద్యోగం పోవడం ఒక్కటే అయితే ఆమెకి అంత భయం లేదు. జూన్ పధ్నాలుగున లారిసా కోర్టులో, పిల్ల ఎవరి దగ్గర ఉండాలో తేల్చే వాయిదా ఉంది, మిర్సిని తండ్రి తరఫు వకీలు కాగితంలో ఒకే మాట పదేపదే రాశాడు, తల్లికి నిలకడైన ఇల్లు లేదు, తల్లికి నిలకడైన ఇల్లు లేదు, ఆమె దానికి జవాబుగా మరూసో ఇంటి ఒప్పందం కాగితం పెట్టింది, అది ఏప్రిల్ ముప్పైతో చచ్చిపోయిన కాగితం. ఎర్రగుర్తు వేసిన గదిలో జ్వరంతో ఉన్న పిల్ల ఒంటరిగా పడుకుని ఉందని ఎవరైనా ఒక్క వాక్యం రాస్తే చాలు. ఆ వాక్యం రాసే కలం ఆంథూలాగారి చేతిసంచికి తగిలించి ఉంది, నీలంది, మూత కొరికి ఉంది.

అన్నీ తెలిసినదాని చేతే తప్పు జరుగుతుంది, తెలియనివాడికి ముట్టుకోవడానికే భయం. పై గదిలో రాతి గోడలు, ఫోనుకి సిగ్నల్ అందదు, అందుకే మరూసో ఇంట్లో వాడిన రూటర్‌ని పైకి మోసుకెళ్ళి గోడలో ఉన్న పాత తీగకి తగిలించింది, దానికో చిన్న కెమెరా, పిల్ల పైన ఉన్నా కింద క్లాసులో ఫోనులో కనబడుతుంది. రెండు వారాలు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. నిన్న సాయంత్రం పిల్ల ఒళ్ళు కాలిపోతుంటే మంచాన్ని కిటికీ గాలికి ఇవతలికి లాగింది, తీగ ఊడి వచ్చింది, దీపం వేస్తే ఎదురుగా కాఫీకొట్టు అరుగు మీద వాళ్ళకి కనబడుతుంది, అందుకని చీకట్లో వేళ్ళతో తడిమి పెట్టింది. రూటర్ వెనకాల నాలుగు కన్నాలు వరసగా ఉంటాయి, ఐదోది కాస్త ఎడంగా నీలం రంగులో ఉంటుంది, బయటి తీగ ఆ నీలం దాంట్లోకే వెళ్ళాలి, వేరేదాంట్లో పెడితే ఆ పెట్టె బడి మొత్తానికీ తానే పెద్దదిక్కునని పేర్లు పంచడం మొదలుపెడుతుంది, ఈ మాట బోర్డు మీద బొమ్మ గీసి మరీ పిల్లలకి చెప్పిన మనిషి ఆమె. నీలం రంగు వేళ్ళకి తెలియదు. కెమెరాలో పచ్చదీపం వెలిగింది కాబట్టి అంతా బాగుందనుకుని పిల్ల పక్కన వాలిపోయింది.

రెండే నిమిషాల పని, పైకి వెళ్ళి తీగ ఒక కన్నంలోంచి తీసి పక్కదాంట్లో పెట్టడం. మెట్లు పెరట్లోంచి ఉన్నాయి. పదిమంది పిల్లలూ, వాళ్ళ తల్లులూ, సిగరెట్లు కాలుస్తున్న తండ్రులూ చూస్తుండగా ఎర్రగుర్తు తలుపు తీసుకుని ఏమని వెళ్ళాలి. అయినా లేచింది, ఒక్క రెండు నిమిషాల్లో వస్తాను అంది. ఇసిడోరోస్ ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టినంత పని చేశాడు, ఏం కావాలో చెప్పు నేను తెప్పిస్తాను, నువ్వు ఈ గది దాటావంటే ఆ తల్లులు నన్ను నమిలేస్తారు అన్నాడు, అని సీరోస్‌లో ఉండే సాంకేతిక సహాయం కుర్రాడు లెఫ్తేరిస్‌కి ఫోను కలిపి, గదంతా వినబడేలా బల్ల మీద పెట్టాడు.

లెఫ్తేరిస్ గొంతు ఎప్పుడూ నిద్రలోంచి లేచినట్టే ఉంటుంది, పని మాత్రం చురుకు. సర్వర్ ఆపి వెయ్యమన్నాడు, వేసింది. తీగలన్నీ వచ్చి చేరే పెట్టె, స్విచ్, దాన్ని ఆపి వెయ్యమన్నాడు, వేసింది. ఒక్కో పనికీ నాలుగేసి నిమిషాలు, ఆ నాలుగు నిమిషాలూ పనికిరానివని తెలిసి కూడా ఆమె శ్రద్ధగా లెక్కపెట్టింది. ఈసారి ఐదోది లేచింది, మూడోది పడుకుంది, ఎవరు ముందు పలికితే వాళ్ళే, పరుగుపందెంలా ఉంది, పైన ఉన్న పెట్టె పడుచుది, కింద సర్వర్ ముసలిది, పదిసార్లలో ఎనిమిదిసార్లు పడుచుదే గెలుస్తోంది. తీగలో ఏం మాటలు నడుస్తున్నాయో రాసుకునే ప్రోగ్రాం ఒకటి నడపమని లెఫ్తేరిస్ చెబుతూనే ఉన్నాడు, ఆమె ఒకసారి తప్పు ఆదేశం కొట్టింది, రెండోసారి కూడా కొట్టింది, మూడోసారి కొడితే అనుమానం వస్తుందని సరిగ్గా కొట్టింది, తెర నిండా గీతలు జారాయి, అవి అవతల అతనికీ కనబడ్డాయి.

"ఫ్రోసో మేడమ్, మీ సర్వర్ది ఏ తప్పూ లేదు," అన్నాడు లెఫ్తేరిస్. "మీ బళ్ళో ఇంకెవరో జవాబిస్తున్నారు. ఇంకో పెట్టె ఉందక్కడ."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె చెయ్యి జేబులోని తాళంచెవి మీదికి దానంతటదే వెళ్ళింది. ఎవడో కుర్రవెధవ పని, పరీక్ష తప్పించుకోవడానికి పెట్టి ఉంటాడు, చెవులు మెలేస్తే వాడే చెబుతాడు అన్నాడు ఇసిడోరోస్, ఆంథూలాగారు రొట్టె పక్కన పెట్టి, ఎవరినీ అనకండి ముందు దొరకనీ అంది, అంటూ కలం తీసి కాగితం మీద టైము వేసుకుంది, ఎనిమిదీ నలభై. స్విచ్‌లో ఉన్న తీగలు ఒక్కోటి పీకండి, ఏది పీకితే ఆ గొంతు ఆగుతుందో అదే, దాని చివర ఏముందో చూసి నాకు రాసి పంపాలి అన్నాడు లెఫ్తేరిస్. అప్పుడే పైన దబ్‌మని చప్పుడయింది.

చిన్న చప్పుడే. గాలికి పుస్తకం పడినట్టు. ఆంథూలాగారు తలెత్తింది, ఇసిడోరోస్ ఎత్తలేదు, పిల్లులండీ, పై అంతస్తు ఖాళీ కదా, మూడు సంసారాలు పెట్టాయి అన్నాడు. ఫ్రోసో స్విచ్ వెనక్కి ఒంగి, మోకాళ్ళ మధ్య ఫోను పెట్టుకుని చూసింది, మిర్సిని దుప్పటి తన్నేసి గోడవైపు తిరిగి పడుకుంది, కింద నేల మీద నీళ్ళసీసా దొర్లుతోంది, అంతే. నోరు కొద్దిగా తెరిచి ఉంది. పక్కటెముకలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఆమె ఆ ఎముకల్ని లెక్కపెట్టింది, ఏడింపావుకి మందు తాగించింది, తాగితే మూడు గంటలు నిద్ర, అంటే పదింపావు దాకా. పదింపావు లోపల పరీక్ష మొదలై, అందరూ తలలు వంచుకుని, తనకి బయటికి వెళ్ళే వీలు దొరుకుతుంది. ఎవరితోనో బేరం ఆడుతున్నట్టు మనసులో అంకెలు చెప్పుకుంది.

ఆ తీగ పీకితే ఏమవుతుందో ఆమెకి లెఫ్తేరిస్‌కంటే బాగా తెలుసు. ఫోనులో పిల్ల కనబడదు, అది ఒక సంగతి. రెండోది, కెమెరా మీది పచ్చదీపం ఎర్రబడుతుంది. గోడలో పగులు చూసిన మొదటి రాత్రి పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పింది, చూడు బంగారూ, ఇది పచ్చగా ఉంటే అమ్మ నిన్ను చూస్తోందన్నమాట, ఎర్రగా అయినా, ఆరిపోయినా అమ్మకి నువ్వు కనబడట్లేదన్నమాట, అప్పుడు ఈ గదిలో ఒక్క క్షణం ఉండకూడదు, బూట్లు వేసుకుని మెట్లు దిగి నా దగ్గరికి వచ్చెయ్యాలి. మళ్ళీ భూమి కదిలితే కరెంటు పోతుంది, దీపం మారుతుంది, పిల్ల బయటపడుతుంది, ఆమె ఆలోచన అది. ఆటలాగా రెండుసార్లు ఆడించింది కూడా. రెండోసారి మిర్సిని బూట్లతో సహా నిమిషంలో పెరట్లో ఉంది, ఇంకోసారి ఇంకోసారి అంది. ఎవరైనా ఎక్కడుంటావని అడిగితే మరూసో పిన్నిగారింట్లో అని చెప్పడం కూడా అలాగే నేర్పింది, ముద్దుముద్దుగా, పాటలా, తప్పు చెబితే చక్కిలిగింతలు పెట్టి. పిల్లకి అబద్ధం నేర్పుతున్నానని అప్పుడు సిగ్గేసింది, ఇప్పుడు ఆ సిగ్గుకి కూడా చోటు లేదు.

ఒకటో తీగ పీకింది, గొంతు ఆగలేదని లెఫ్తేరిస్ అన్నాడు, మళ్ళీ పెట్టింది. రెండు, మూడు, నాలుగు. ప్రతి తీగకీ మెడలో కాగితం ముక్క కట్టి ఉంది, ఆమెకి ముందు పనిచేసిన పెద్దాయన చక్కటి అక్షరాలతో రాశాడు, పదకొండోదాని మీద పై గది, పటాలు అని ఉంది, ఆమె బొటనవేలితో ఆ ముక్కని మూసింది. స్విచ్ చవకరకం, ఆ ఒక్క పెట్టె నోరు మాత్రం నొక్కి తీగని బతకనివ్వమంటే దానికి చేతకాదు, పీకితే పూర్తిగా పీకాలి. ఏడు. ఎనిమిది. కిటికీలో ఒక తల్లి ముఖం ఆనించి చేతి గడియారం వేలితో చూపించింది. ఎవరికీ పట్టనిదాన్ని, ఈ ఊరి పిల్లల కోసం నా పిల్లని ఎందుకు చీకట్లో పెట్టాలి అన్న మాట లోపల లేచింది, లేచి అంతలోనే చివరి బల్ల పిల్ల గుర్తొచ్చింది, ఇంకో అమ్మ పలికితే అని అడిగిన పిల్ల, వాళ్ళ నాన్నకి సీరోస్‌కి టిక్కెట్టు కొనే స్తోమతు లేదు. తొమ్మిది. పది. పీకకపోతే లెఫ్తేరిస్ ఎటూ పీకిస్తాడు, పీకిస్తే చివర ఏముందో చూడమంటాడు, తానే పీకితే అబద్ధమైనా చేతిలో ఉంటుంది. ఎనిమిదీ యాభైరెండు. ఫోను వైపు చూసింది, పిల్ల అలాగే గోడవైపు తిరిగి ఉంది, ముఖం కనబడలేదు, ఒక్కసారి ఇటు తిరిగితే బాగుండుననిపించింది, తిరగకపోవడమే మంచిదనిపించింది. బొటనవేలితో గొళ్ళెం నొక్కి పదకొండోది లాగేసింది.

ఫోనులో బొమ్మ అలా నిలిచిపోయింది, పక్కటెముకలు ఆగిపోయాయి. బొమ్మ మాత్రమే ఆగిందని తెలుసు. అయినా చూడలేక జేబులో పెట్టేసింది. ఆగిందండీ ఆగింది అన్నాడు లెఫ్తేరిస్, ఒకటి తర్వాత ఒకటి తెరలు నీలంగా లేచాయి, ఒకటి, రెండు, నాలుగు, ఏడు, పదోది కూడా లేచాక ఇసిడోరోస్ శిలువ గుర్తు చేసుకుని, నువ్వు బంగారానివమ్మా అన్నాడు. దేని తీగండీ అది, చివర ఏముంది అని లెఫ్తేరిస్ అడిగాడు. పాత తీగ, ఎటూ పోదు, లోపల పాడైనట్టుంది, సాయంత్రం చూసి రాస్తాను అంది ఫ్రోసో. తీగ పాడైతే అది పేర్లు పంచదు మేడమ్ అని అతను మొదలుపెట్టేలోపే ఇసిడోరోస్ ఫోను కట్టేశాడు. ఆమె ఆయన వైపు చూసింది. కాగితం ముక్క మీది అక్షరాలు ఆయన చదివాడు, చదివిన సంగతి ముఖంలో ఉంది, ఆయన మాత్రం తలుపు దగ్గరికి వెళ్ళి రండిరా రండి, తోసుకోకండి అని పిల్లల్ని పిలిచాడు.

తొమ్మిదయింది. ఆంథూలాగారు నియమాలు చదివింది, పది జతల చేతులు మీటల మీద పడ్డాయి, ఆ చప్పుడు రేకు మీద తొలి చినుకుల్లా ఉంది. పది నిమిషాలు, ఫ్రోసో అనుకుంది, పది నిమిషాలాగి కడుపులో బాగాలేదని చెప్పి వెళతాను. మూడు నిమిషాలయ్యాయి. నాలుగు. పైన మళ్ళీ చప్పుడయింది, ఈసారి దబ్‌మని కాదు, టక్ టక్ టక్‌మని, గది ఈ చివర నుంచి ఆ చివరికి, ఆ నడక ఆమెకి తెలుసు, ఎడం బూటు మడమ అరిగి ఉంటుంది. పిల్లులకి బూట్లుండవు. ఆంథూలాగారు కలం ఆపి వింటోంది. మెట్లు పద్దెనిమిది, ఆమె ఒక్కో మెట్టూ లెక్కపెట్టింది, పధ్నాలుగు, పదిహేను, పెరట్లో ఎవరో మగమనిషి అయ్యో ఎవరమ్మా నువ్వు, ఇటు ఇటు అంటున్నాడు, అతనే తలుపు తీసిపెట్టాడు.

మిర్సిని బూట్లు సరిగ్గానే వేసుకుంది, కుడిదే కుడికి. రాత్రి చొక్కా మోకాళ్ళ దాకా ఉంది, జుట్టు చెమటకి నుదుటికి అంటుకుంది, కెమెరాని పీకి రెండు చేతులతో గుండెకి పట్టుకుని తెచ్చింది, తీగ వెనకాల నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. అమ్మా ఎర్రగా అయింది, నేను పడిపోకుండా వచ్చేశాను అంది, మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ. పదిమంది పిల్లలూ తెరల్లోకి ఇంకా ఒంగారు, ఎవరూ తలెత్తలేదు, వాళ్ళకి ఎప్పట్నుంచో తెలుసని ఆ వంగిన వీపుల్లో కనబడింది. ఆంథూలాగారు కుర్చీలోంచి లేచి, మోకాళ్ళ మీద కూర్చుని, జాలిగా పిల్ల నుదురు తాకి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇంత జ్వరంతో ఎక్కణ్ణుంచి వచ్చావమ్మా, మీ ఇల్లెక్కడ?"

మిర్సిని తల్లి వైపు చూసింది. చెప్పాల్సింది ఆమెకి తెలుసు, బాగా వచ్చు. మెడ నిటారుగా పెట్టింది.

"మేం మరూసో పిన్నిగారింట్లో ఉంటాం. సముద్రం పక్కన," అంది. నేర్పింది అంతవరకే, అది అయిపోయాక ఎదుటి మనిషి ఇంకా అలాగే చూస్తోందని, నమ్మలేదేమోనని, తనకి తెలిసిన నిజం ఒకటి జతచేసింది. "నా మంచం మీద నలభై రెండు నక్షత్రాలుంటాయి."

ఇసిడోరోస్ గోడ మీది గడియారం వైపు తిరిగాడు. ఫ్రోసో పిల్లని ఎత్తుకుంది, ఒళ్ళు నిప్పులా ఉంది, చిన్న చేతులు మెడ చుట్టూ పడ్డాయి, కెమెరా ఆమె వీపుకి గుచ్చుకుంది.

"రాత్రి నేను పడుకున్నది ఆ మంచం మీదే కదా తల్లీ," అంది ఆంథూలాగారు మెల్లగా, ఇంకా నవ్వుతూనే. తర్వాత ఆ నవ్వు పోయింది. ఆమె తల ఎత్తి పైకప్పు వైపు చూసింది.